పిల్లల రాతను ఎవరు చదువుతారు? సరిహద్దు బడికి బ్లాగు, వాట్సాప్, గూగుల్ క్లాస్‌రూమ్‌లలో ఏది మేలు

గత శీతాకాలంలో ఒడిశా సరిహద్దులోని మా బడిలో ఆరో తరగతి పిల్లవాడొకడు నాకు ఒక కాగితం తెచ్చి ఇచ్చాడు. చూస్తే ఒడియా అక్షరాలు, చదివితే తెలుగు మాటలు. వాళ్ల తాత తాటి టెంకలు పాతిపెట్టి, మొలకలు ఊరాక తవ్వి తీసి, కుండలో కాల్చి పిల్లలకు పంచిన సంగతి రాశాడు. ఉన్నది ఉన్నట్టు పైకి చదివాను. “తాత తెగలు కాల్చాడు” అని వచ్చింది. తరగతి గొల్లుమంది. వాడి ముఖం చిన్నబోయింది. వాడు రాయదలచుకున్నది తేగలు. ఒడియా లిపిలో ఎ, ఏ రెంటికీ ఒకటే అక్షరం. ఒ, ఓ రెంటికీ ఒకటే. ఆ లిపిలో తెగ అన్నా తేగ అన్నా రాత మారదు. తప్పు పిల్లవాడిది కాదు. వాడికి ఇంటి భాష ఒకటి, బడి లిపి ఇంకొకటి.

ఆ మధ్యాహ్నం వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని అదే కథను నా ఫోనులో తెలుగులో టైపు చేశాను. ఎత్వానికీ ఏత్వానికీ తేడా ఎక్కడుందో వేలు పెట్టి చూపించాను. ఇద్దరం కలిసి మా తరగతి బ్లాగులో పెట్టాం. రెండు రోజులకు విశాఖపట్నంలో ఉంటున్న వాళ్ల మేనమామ కింద ఒక ప్రశ్న రాశాడు: “టెంకలు ఎంత లోతున పాతారు? ఇసుక నేలా, నల్ల నేలా?” వాడు ఇంటికి పరుగెత్తి తాతను అడిగి, మర్నాడు అరపేజీ జవాబు తెచ్చాడు. ఈసారి తెలుగు లిపిలోనే. తేగ అన్న మాట అందులో ఐదుసార్లు వచ్చింది. ఐదుసార్లూ ఏత్వం సరిగ్గా ఉంది. అంతకుముందు నేను ఎర్ర సిరాతో ఎన్నిసార్లు దిద్దినా అది నిలిచింది లేదు.

అప్పటినుంచి తోటి ఉపాధ్యాయులు “తరగతిలో ఏ యాప్ వాడితే బాగుంటుంది?” అని అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తున్నాను. మీ పిల్లలు రాసింది ఎవరు చదవాలని మీ కోరిక? మీరొక్కరేనా, తల్లిదండ్రులా, పక్క తరగతి వాళ్లా, ఊరు దాటి వెళ్లిన బంధువులా? ఆ జవాబును బట్టి సాధనం మారుతుంది. ఏ యాప్‌లో ఎన్ని హంగులున్నాయన్నది ఆ తర్వాతి మాట.

మన బడుల సంగతి వేరు

హైదరాబాదు బడికో విజయవాడ బడికో రాసిన సలహా ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఉన్నదున్నట్టు పనికిరాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అటు ఉండిపోయింది. చుట్టరికాలు మాత్రం రెండు వైపులా అలాగే సాగుతున్నాయి. మా తరగతిలో తెలుగు ఇళ్ల పిల్లలు, ఒడియా ఇళ్ల పిల్లలు, కొండ నుంచి దిగి వచ్చిన సవర పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. తెలుగు పిల్లల్లో చాలామంది తెలుగు గలగలా మాట్లాడతారు, తెలుగు బోర్డు చదవమంటే తడబడతారు. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం చెబుతోంది. మా బడిలో తెలుగుకు దొరికేది వారానికి కొన్ని గంటలే. మిగిలిన తెలుగును మనం ఎక్కడో ఒకచోట సంపాదించాలి.

ఇంకొక సంగతి కూడా మనదే. పర్లాకిమిడిలో రాజావారి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని జీవితమంతా వాదించారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని తానే సవర నేర్చుకున్నారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన నడిచిన ఊళ్లో ఉంటూ, పిల్లవాడు ఇంటి మాట రాస్తే దాన్ని గ్రాంథికంగా మార్చబోవడం నాకు మనసొప్పదు. అక్షరదోషం దిద్దుతాను. మాట జోలికి వెళ్లను.

తరగతి బ్లాగు

నా ఓటు దీనికే. అందుకని దీని గురించే ఎక్కువ చెబుతాను.

బ్లాగుకు ఉన్న బలం ఏమిటంటే, రాసింది అక్కడే ఉంటుంది. తేదీ వారీగా పేర్చి ఉంటుంది. జూన్‌లో రాసినదాన్నీ మార్చిలో రాసినదాన్నీ పక్కపక్కన పెట్టి, ఎంత ముందుకు వచ్చాడో పిల్లవాడు తానే చూసుకోగలడు. పైగా దానికి ఒక చిరునామా ఉంటుంది. సూరత్ మగ్గాల దగ్గర పనిచేస్తున్న తండ్రికైనా, బరంపురంలో ఉన్న పిన్నికైనా ఆ చిరునామా పంపితే చాలు, ఏ యాప్ దింపుకోనక్కర్లేదు, ఏ ఖాతా తెరవనక్కర్లేదు.

పిల్లల రాతకు బయటి చదువరిని వెతకడం కంప్యూటర్లతో పుట్టిన ఆలోచన కాదు. ఫ్రాన్సులో సెలెస్తాన్ ఫ్రెనే అనే పల్లెటూరి ఉపాధ్యాయుడు 1924లో తన తరగతిలోకి చిన్న అచ్చుయంత్రం తెచ్చాడు. పిల్లలు తమ అనుభవాలు తామే రాసి, అక్షరాలు కూర్చి, అచ్చువేసి దూరపు బడుల పిల్లలకు పంపేవారు. అక్కడి నుంచి జవాబులు వచ్చేవి. మనం ఫోనుతో చేస్తున్నదీ ఆ పనే.

బ్లాగు తెరవడానికి రెండు ప్రధాన దారులున్నాయి, బ్లాగర్, వర్డ్‌ప్రెస్. బ్లాగర్ 1999లో మొదలైంది, 2003లో గూగుల్ చేతికి వచ్చింది. ఒక జీమెయిల్ ఉంటే సరిపోతుంది, పైసా ఖర్చు లేదు, ప్రకటనలు మనం పెట్టుకుంటే తప్ప రావు. వర్డ్‌ప్రెస్ ఉచిత బ్లాగులో వాళ్ల ప్రకటనలు వస్తాయి. పిల్లల పేజీ మీద ప్రకటన కనబడటం నాకు ఇష్టం లేదు. అయితే వర్డ్‌ప్రెస్‌లో ఒక మంచి ఏర్పాటు ఉంది. విద్యార్థిని కంట్రిబ్యూటర్‌గా చేర్చితే తాను టపా (బ్లాగులో పెట్టే ఒక్కొక్క రాత) రాసి పెట్టగలడు, ప్రచురించలేడు. ఉపాధ్యాయుడు చూసి మీట నొక్కితేనే బయటికి వెళ్తుంది. బ్లాగర్‌లో రచయితగా చేర్చితే నేరుగా ప్రచురించేస్తాడు. కాబట్టి టైపు చేసేది మీరే అయితే బ్లాగర్ తీసుకోండి. తొమ్మిది, పది తరగతుల పిల్లలే సొంతంగా రాసి పెట్టాలనుకుంటే వర్డ్‌ప్రెస్ మంచిది. మాది ఉన్నత ప్రాథమిక తరగతులు కాబట్టి బ్లాగర్‌తోనే సాగిస్తున్నాను. ఒక్కొక్క పిల్లవాడికీ ఒక్కొక్క బ్లాగు పెట్టమని కొందరు సలహా ఇస్తారు. వద్దు. తరగతి మొత్తానికి ఒకటి చాలు. ముప్పై బ్లాగులు తెరిస్తే ఇరవై తొమ్మిది రెండో టపాతోనే ఆగిపోతాయి.

టైపు చేయడం పెద్ద అడ్డంకి అని చాలామంది భయపడతారు. ఇక్కడ సరిహద్దు పిల్లలకు నిజానికి ఒక లాభం ఉంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో భారతీయ లిపులన్నిటికీ అక్షరాల స్థానాలు ఒకటే. ఒడియా క ఏ మీట మీద ఉందో తెలుగు క కూడా ఆ మీట మీదే ఉంటుంది. కంప్యూటర్ గదిలో ఒడియా టైపు నేర్చుకున్న పిల్లవాడు భాష మార్చే మీట నొక్కి తెలుగు కొట్టగలడు. కొత్తగా నేర్చుకోవలసింది ఎ, ఏ, ఒ, ఓల తేడా ఒక్కటే, ఆ తేడా నేర్పడమే కదా మనకు కావలసింది. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే అలవాటున్న పెద్దలకు, ఆ అక్షరాలను తెలుగులోకి మార్చే లేఖిని అనే వెబ్ పేజీ సులువుగా ఉంటుంది. ఫోనులో గూగుల్ వారి కీబోర్డు జీబోర్డుకు 2017 నుంచి తెలుగులో చెబితే రాసే వసతి ఉంది. దాన్ని నేను ఒక రకంగానే వాడుతున్నాను. పిల్లవాడు చెబుతాడు, ఫోను రాస్తుంది, ఆ రాతలోని తప్పులు వాడే పట్టుకోవాలి. మన యాస మాట వినబడితే అది తనకు తెలిసిన మాటగా మార్చేస్తుంది. పిల్లలు దాన్ని పట్టుకుని “నేనన్నది ఇది కాదు సార్” అని పట్టుదలగా దిద్దుతారు. ఏ వ్యాకరణ పాఠంలోనూ అంత శ్రద్ధ నేను చూడలేదు.

మా వారం ఇలా నడుస్తుంది. సోమవారం అందరూ కాగితం మీద రాస్తారు. బుధవారం దాకా అవి తరగతి గోడపత్రికలో ఉంటాయి. పిల్లలే చదివి మూడింటిని ఎంపిక చేస్తారు, ఒకరిది మళ్లీ మళ్లీ రాకుండా నేను చూస్తాను. గురువారం, శుక్రవారం రాసినవాడు నా పక్కన కూర్చుంటే టైపు చేస్తాం. శనివారం ప్రచురణ. ఒక్క ఫోనుతో జరిగిపోయే పని ఇది. కాగితంతో మొదలుపెట్టడం పేదరికం వల్ల చేస్తున్న సర్దుబాటు అనుకోకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా జిల్లాను పడగొట్టినప్పుడు కరెంటు, సిగ్నలు రెండూ పోయాయి. ఆ రోజుల్లో పిల్లలు చిత్తు పుస్తకాల్లో రాసుకున్న తుఫాను కథలే ఇప్పటికీ నా దగ్గరున్న మంచి రాతలు.

ఏం రాయించాలి? నీతి వ్యాసాలు వద్దు, “నా దేశం”, “చెట్ల ఉపయోగాలు” అసలే వద్దు. అవి ఎవరూ చదవరు, రాసేవాడికీ తెలుసు. పర్లాకిమిడి కొమ్ము పని చేసే ఇంట్లో కొమ్మును వేడిచేసి ఎలా వంచుతారో వెళ్లి చూసి రమ్మనండి. 1900లో మొదలైన చిన్న రైలు మార్గం పెద్ద లైను కాకముందు ఎలా ఉండేదో అమ్మమ్మను అడిగి రాయమనండి. మోహన బ్లాకులో టిబెట్ వాళ్ల పల్లెలకు బంధువులతో వెళ్లినవాడు అక్కడేం తిన్నాడో రాయమనండి. తనకు తెలిసి, చదివేవాడికి తెలియనిది ఏదైనా ఉంటేనే పిల్లవాడి కలం కదులుతుంది.

ఒక్కొక్క టపా కింద నాలుగు వాక్యాలు ఒడియాలో రాయిస్తున్నాం. 2020 నుంచి గూగుల్ అనువాదంలో ఒడియా ఉంది కానీ దాని మీద వదిలేయను, తరగతిలోని ఒడియా పిల్లలే రాస్తారు. దీనివల్ల రెండు మేళ్లు జరిగాయి. ప్రధానోపాధ్యాయులకు మేం చేస్తున్నది అర్థమైంది. ఒడియా ఇళ్ల పిల్లలు కూడా ఇది తమది కూడా అనుకున్నారు. ఈ మధ్య ఒక ఒడియా అమ్మాయి తమ ఇంటి మాణబసా గురువారం (మార్గశిర గురువారాల లక్ష్మీపూజ) ముగ్గుల గురించి తెలుగులో రాస్తానని పట్టుబట్టి, తెలుగు స్నేహితురాలి సాయంతో రాసింది.

ఇక జాగ్రత్తలు. వీటిని తేలిగ్గా తీసుకుంటే బ్లాగు పెట్టకపోవడమే నయం. పిల్లల పూర్తి పేరు, ఇంటి చిరునామా, ముఖం కనబడే ఫొటో పెట్టకూడదు. మేం “ఆరో తరగతి, తా.” అని మొదటి అక్షరంతో సరిపెడతాం. ఫొటోలో చేతులుంటాయి, కుండ ఉంటుంది, బొమ్మ ఉంటుంది. వ్యాఖ్యలన్నీ ముందు నాకు వచ్చాకే బయటికి కనబడేలా అమర్చాను. వెతికే యంత్రాలకు బ్లాగు దొరికేలా చేసే మీట సెట్టింగుల్లో ఉంది, దాన్ని కట్టేశాను. మొత్తం మూసేసి ఆహ్వానం ఉన్నవాళ్లకే చూపించే పద్ధతి కూడా ఉంది. కానీ ఆహ్వానం అందిన ప్రతి ఒక్కరూ గూగుల్ ఖాతాతో లోపలికి రావాలి. మన తల్లిదండ్రులకు అది కుదరని పని. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం లెక్కలో 18 ఏళ్లలోపు వారంతా పిల్లలే, వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి ముఖ్యం. ఏడాది మొదట్లో ఒడియాలోనూ తెలుగులోనూ ఒక పేజీ రాసి, చదవలేని వాళ్లకు చదివి వినిపించి, సంతకం తీసుకోండి. ఒప్పుకోని ఇంటి పిల్లవాడి రాత గోడపత్రికలో ఉంటుంది, బ్లాగుకు వెళ్లదు. వాడిని ఏ విధంగానూ తక్కువ చేయకూడదు.

మరొకటి నేను నష్టపోయి నేర్చుకున్నది. మొదటి బ్లాగును నా సొంత ఖాతాతో తెరిచాను. బదిలీ అయ్యాక పాత బడిలో దాన్ని నడిపే వాళ్లు లేకపోయారు. నలభైకి పైగా టపాలు అక్కడే ఆగిపోయాయి. ఇప్పుడు బడి పేరుతో ఖాతా తెరిచి, మరో ఉపాధ్యాయుణ్ని కూడా అడ్మిన్‌గా పెట్టాను. రెండేళ్లు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాలను తొలగించవచ్చని గూగుల్ 2023లో నియమం తెచ్చింది. అందుకని వేసవి సెలవుల ముందు బ్లాగర్ సెట్టింగుల్లోని బ్యాకప్ మీట నొక్కి మొత్తం దింపి బడి కంప్యూటర్‌లో దాస్తున్నాం.

వాట్సాప్ గుంపు

చాలా బడుల్లో ఇప్పటికే ఉన్నది ఇదే. కొత్తగా నేర్పనక్కర్లేదు, ప్రతి ఇంట్లో ఉంది. కానీ పిల్లల రాతకు ఇది సరైన చోటు కాదు. ఉదయం పెట్టిన కథ సాయంత్రానికి శుభోదయం బొమ్మల కింద పూడిపోతుంది. వారం తర్వాత వెతికితే దొరకదు. గుంపులో చేరిన ప్రతి ఒక్కరి నంబరూ మిగతా అందరికీ కనబడుతుంది. ఎదిగిన ఆడపిల్లల నంబర్లో, వాళ్ల తల్లుల నంబర్లో అలా బయటపడటం ఎంత ఇబ్బంది తెస్తుందో మన ఊళ్లలో విడిగా చెప్పనక్కర్లేదు. పదమూడేళ్లు నిండని పిల్లలు సొంతంగా వాట్సాప్ ఖాతా తెరవకూడదు. అందువల్ల ఆరు, ఏడు తరగతులకు పిల్లల గుంపు అన్నమాటే తలపెట్టకండి.

అయితే ఒక్క విషయంలో దీనికి సాటి వచ్చేది లేదు. అది గొంతు. మా పిల్లల ఇళ్లలో తెలుగు వినగలిగినవాళ్లు అందరూ, చదవగలిగినవాళ్లు కొందరే. అందుకని తల్లిదండ్రుల గుంపు ఒకటి పెట్టి, అడ్మిన్లు మాత్రమే రాయగలిగేలా బిగించాను. శనివారం బ్లాగు టపా చిరునామాతో పాటు, రాసిన పిల్లవాడు తానే చదివిన రెండు నిమిషాల ఆడియో పంపుతాను. ఒక నానమ్మ ఆ ఆడియోను పొలంలో అందరికీ వినిపించిందని తెలిసింది. ఆ పిల్ల తర్వాతి వారం చదివేటప్పుడు విరామ చిహ్నాల దగ్గర ఆగడం మొదలుపెట్టింది.

సవర పిల్లలకైతే ఈ గొంతు దారి ఇంకా అవసరం. ఒడిశాలో 2007 నుంచి గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలైంది, అందులో సవర ఉంది. సవరకు 1936లో పుట్టిన సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి ఉంది, అది 2012లో కంప్యూటర్లు, ఫోన్లు గుర్తించే అక్షరాల పట్టిక యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. మామూలు ఫోను మీద మాత్రం ఆ లిపితో రాయడం మా వల్ల కాలేదు. అందుకని ఆ పిల్లలు ముందు సవరలో కథ చెబుతారు, దాన్ని రికార్డు చేస్తాం. తర్వాత తమకు నచ్చిన లిపిలో రెండు మూడు వాక్యాలు రాస్తారు. బ్లాగులో రాత, గుంపులో గొంతు, రెండూ ఉంటాయి.

గూగుల్ క్లాస్‌రూమ్

2014లో వచ్చిన ఈ సాధనం పని అప్పగించడానికి, తీసుకోవడానికి, దిద్ది తిరిగి ఇవ్వడానికి చాలా చక్కగా ఉంటుంది. ఎవరు ఇచ్చారు, ఎవరు ఇవ్వలేదు ఒక్క చూపులో తెలుస్తుంది. పదో తరగతి పరీక్షలకు తయారుచేసే ఉపాధ్యాయులకు, ప్రతి పిల్లవాడికీ ఫోనో టాబ్లెటో అందే బడులకు నేను దీన్నే సూచిస్తాను. గణితం, సైన్సు మాస్టార్లకు బ్లాగు కన్నా ఇదే ఉపయోగం.

తెలుగు రాయించడానికి మాత్రం ఇది నోటుపుస్తకానికి తెర తొడిగినట్టే. పిల్లవాడు రాస్తాడు, టీచరు చదువుతారు, మార్కు పడుతుంది, అక్కడితో సరి. మేనమామకు చోటు లేదు. మరో చిక్కు ఖాతాలది. పదమూడేళ్లలోపు పిల్లలకు బడి తరఫున ఇచ్చే విద్యా ఖాతాలు కావాలి. అర్హత ఉన్న బడికి అవి ఉచితమే కానీ దరఖాస్తు, నిర్వహణ ఎవరో ఒకరు భుజాన వేసుకోవాలి. కంప్యూటర్ తెలిసిన ఉపాధ్యాయుడు ఒక్కరైనా లేని బడి దీన్ని తలకెత్తుకోవద్దు.

ఆటలు, ప్రశ్నలు

కహూట్ అనే క్విజ్ ఆట పిల్లలకు ఉత్సాహం. కానీ ప్రతి చేతిలోనూ ఒక తెర, నెట్ కావాలి. మన తరగతికి ప్లికర్స్ సరిపోతుంది. పిల్లల చేతిలో అచ్చువేసిన అట్టముక్క ఒకటే ఉంటుంది. దాన్ని ఎటు తిప్పి పట్టుకుంటే అది ఎ, బి, సి, డిలలో ఒక జవాబు. ఉపాధ్యాయుడు తన ఫోను కెమెరాను తరగతి మీదుగా తిప్పితే ఎవరి జవాబు ఏమిటో నమోదవుతుంది. ప్రతి అట్ట మీది గుర్తు వేరు కాబట్టి పక్కవాడిది చూసి తిప్పడం కుదరదు. తేగ, తెగలాంటి జంట మాటలు ఇచ్చి “తినేది ఏది?” అని అడిగితే ఐదు నిమిషాల్లో ఎవరికి ఎక్కడ తడబాటు ఉందో తేలిపోతుంది. దీనితో రాయించలేం, రాయించే ముందు తడిమి చూడగలం.

పాడ్లెట్‌లో తెర మీదే గోడపత్రిక పెట్టుకోవచ్చు, ఆ గోడ అందంగా ఉంటుంది. ఉచితంగా కొన్ని గోడలే ఇస్తారు కాబట్టి ఏడాది పొడవునా దాని మీద ఆధారపడకండి.

సిగ్నలు అందని చోట

గుమ్మ, నువాగడ, ఆర్. ఉదయగిరి వైపు కొండ బడుల్లో పనిచేసే మిత్రులు “మీరు చెప్పేవన్నీ నెట్ ఉన్నవాళ్ల ముచ్చట్లు” అంటారు. వాళ్ల మాట నిజం. వాళ్లకు నేను చెప్పే క్రమం వేరు.

మొదట దీక్ష. 2017 సెప్టెంబరు 5న ప్రారంభమైన ఈ వేదికలో పాఠ్యపుస్తకం మీది క్యూఆర్ గుర్తును ఫోనుకు చూపితే ఆ పాఠానికి సంబంధించినది తెరుచుకుంటుంది. పట్నంలో ఉన్నప్పుడు దింపుకుంటే కొండ మీద నెట్ లేకుండా చూపించవచ్చు. ఒడియా, తెలుగు రెండింట్లోనూ పాఠాలు ఉండటం మనకు కలిసొచ్చే సంగతి. ఆంధ్రప్రదేశ్ తెలుగు వాచకం ఒకటి సంపాదించి దాని గుర్తులు కూడా వాడుకోండి.

రెండోది కివిక్స్. తెలుగు వికీపీడియాను మొత్తంగా ఒక ఫైలులా దింపి నెట్ లేకుండా చదివించే యాప్ ఇది. గ్రంథాలయం లేని బడికి ఇంతకన్నా పెద్ద బహుమతి నాకు తెలియదు. పిల్లలు తమ జిల్లా గురించిన వ్యాసం తెరిచి, అందులో తమ ఊరు లేదని గమనించి, “మనమే రాద్దాం” అన్నారని ఒక మిత్రుడు చెప్పాడు. ఇక కోలిబ్రి. ఒక ల్యాప్‌టాప్‌ను సర్వర్‌గా పెట్టి, గదిలోని వైఫైతో మిగతా పరికరాలకు పాఠాలు పంపవచ్చు. బయటి నెట్ అక్కర్లేదు. కానీ టాబ్లెట్లు లేని బడికి దానితో పని లేదు, ఉన్నచోట కూడా తెలుగులో కావలసిన పాఠాలు దొరుకుతాయో లేదో ముందు చూసుకోండి.

అయితే ఈ మూడింట్లోనూ పిల్లవాడు చదువరే, రచయిత కాడు. అందుకని కొండ బడికి కూడా గోడపత్రిక తప్పదు. నెలకు ఒకసారి జీతం పనికో సమావేశానికో పర్లాకిమిడి దిగినప్పుడు ఆ కాగితాలను సంచిలో వేసుకుని రండి. నాలుగు టపాలు టైపు చేయడానికి గంటన్నర పడుతుంది. వచ్చిన వ్యాఖ్యలను కాగితం మీద రాసుకుని కొండకు తీసుకెళ్లి చదివి వినిపించండి. ఉత్తరం కోసం ఎదురుచూసినట్టే పిల్లలు దానికోసం ఎదురుచూస్తారు.

మరి మీరు ఏది తీసుకోవాలి

మూడు నుంచి ఐదు తరగతులకు చెప్పేవారైతే గోడపత్రిక, తల్లిదండ్రుల గుంపులో పిల్లల గొంతు. అంతే. బ్లాగు తొందర వద్దు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు బ్లాగర్ బ్లాగు, టైపు మీ చేతిలో, నెలకోసారి ప్లికర్స్. తొమ్మిది, పది తరగతుల్లో తెలుగు చెప్పేవారు వర్డ్‌ప్రెస్‌లో పిల్లల్నే కంట్రిబ్యూటర్లుగా చేర్చండి. మిగతా విషయాల వారు క్లాస్‌రూమ్ చూడండి. మీకు వారంలో గంట కన్నా ఎక్కువ దొరకదనుకుంటే బ్లాగును పదిహేను రోజులకోసారి నడపండి, కానీ చెప్పిన రోజున తప్పకుండా టపా రావాలి. రెండుసార్లు రోజు తప్పితే చదివేవాళ్లు రావడం మానేస్తారు, ఆ వెంటనే పిల్లలు రాయడం మానేస్తారు.

మొదలుపెట్టడానికి ఆగస్టు 29 మంచి రోజు. బడి తెరిచి రెండు నెలలు అవుతుంది కాబట్టి అప్పటికి పదిహేను ఇరవై కాగితాలు చేతిలో ఉంటాయి. మొదటి టపా పెట్టేముందే చదువరులను కుదుర్చుకోండి. వ్యాఖ్యలు వాటంతట అవి రావు. ఊరు విడిచి వెళ్లిన పాత విద్యార్థులు ఐదుగురిని పట్టుకుని, “నెలకు రెండుసార్లు వచ్చి ఒక ప్రశ్న అడగండి, మెచ్చుకోలు వద్దు, ప్రశ్న కావాలి” అని చెప్పండి. “చాలా బాగుంది” అన్న వ్యాఖ్యకు పిల్లవాడు చిరునవ్వు నవ్వి ఊరుకుంటాడు. ప్రశ్న వస్తే మళ్లీ కలం పడతాడు.

అలాగే సరిహద్దు అవతల ఒక బడిని జోడీ చేసుకోండి. మాకు పాతపట్నం వైపు ఒక బడి కుదిరింది. అక్కడి పిల్లలు తెలుగు మాధ్యమం వాళ్లు, రాతలో మా వాళ్ల కన్నా ముందున్నారు. మొదట మా పిల్లలు బెదిరారు. కానీ ఒడియా పండుగలు, సవర పాటలు, కొమ్ము పని గురించి అడిగేది వాళ్లు, చెప్పవలసింది మేము. పోయిన నెల అక్కడి ఏడో తరగతి నుంచి ఒక వ్యాఖ్య వచ్చింది: “గుణుపురం రైలు ముందు మా స్టేషన్‌లో ఆగి తర్వాత మీ ఊరు వస్తుంది కదా. మా దగ్గర ఎంతమంది ఎక్కారో లెక్కపెట్టి రాస్తాం. మీ దగ్గర ఎంతమంది దిగారో మీరు చెప్పండి.” ఈ ఆదివారం మా వాళ్లు ఆరుగురు పెద్దవాళ్లను వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్తున్నారు. పుస్తకంలో గడులు గీసి పెట్టుకున్నారు. దిగినవారు అన్న మాట తెలుగులోనూ ఒడియాలోనూ పైన రాశారు.